పళ్ళాయన చెవులు

పళ్ళాయన అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. పళ్ళు అమ్మే ఆయన కాదు, పళ్ళు చేసే ఆయన. నోట్లో ఉన్నవన్నీ ఊడిపోయి, బుగ్గలు లోపలికి పోయి, నలుగురిలో నోరు తెరవడానికి మొహమాటపడే వాళ్ళకి కట్టుడుపళ్ళ సెట్లు చేసిపెట్టడం ఆయన పని. ఆయనకి మాత్రం ఈ వయసులోనూ ముప్పై రెండూ రాళ్ళల్లే ఉన్నాయి. "తన సరుకు తానే వాడని వ్యాపారి ఈయనొక్కడే" అని వీధిలో వాళ్ళు వేళాకోళమాడేవాళ్ళు. మొదట్లో ఆయనా నవ్వేవాడు. ఈమధ్య నవ్వడానికి కూడా ఓపిక ఉండటం లేదు పాపం.

పంటి ఆసుపత్రి వెనక, ఒకప్పుడు చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకున్న గది ఆయన పనిగది. ఒక కుళాయి, ఒక స్పిరిట్ దీపం, మైనం ముద్దలు, చిగుళ్ళు పోసే గులాబీరంగు పొడి డబ్బాలు, గోడ పొడుగునా అరల మీద జనం దవడల అచ్చులు. పళ్ళు రుద్దే మోటారు ఒకటి పొద్దస్తమానం గీ మంటూ ఉంటుంది. దాన్నుంచి లేచే సుద్దలాంటి తెల్లపొడి ఆయన కనుబొమల్లోకీ చెవుల్లోకీ చేరి, సాయంత్రానికి మనిషి పిండిమరలోంచి లేచి వచ్చినట్టు తయారవుతాడు. నడుము నొప్పి, మణికట్టు నొప్పి, మధ్యాహ్నం దాటితే దగ్గు. ముందుగదిలో కుర్చీ దగ్గర డాక్టరమ్మ నోళ్ళు చూస్తుంది, అచ్చులు తీస్తుంది. వెనకగదిలో ఈయన పళ్ళు కూరుస్తాడు. ఆ అమ్మాయి ఈయన్ని "బాబాయ్" అంటుంది. ఇద్దరికీ ఏ పేచీ లేదు.

అయితే ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. సెట్టు తయారయ్యాక, పెట్టుకున్నవాళ్ళు నోరు తిరగని మాటలతో కట్టిన ఒక నాలుకమెలిక గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. తడబడకుండా, పళ్ళు టకటకలాడకుండా, ఈల రాకుండా చెబితేనే సెట్టు గడప దాటేది. వాళ్ళు చెబుతుంటే ఆయన స్టూలు తిప్పేసుకుని, వీపు అటు పెట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఎదురుగా చూస్తే కళ్ళు చెవుల్ని మోసం చేస్తాయనేవాడు. "స" దగ్గర టక్కుమంటే పళ్ళ ఎత్తు ఎక్కువైనట్టు. "ళ" బొద్దుగా వస్తే అంగిలిని ఆనుకునే పలక మందమైనట్టు. "వ" దగ్గర గాలి పోతే ముందుపళ్ళు పొట్టి అయినట్టు. అలా విని, సెట్టు తీసుకుని లోపలికి పోయి, గోరంత రుద్దుకొచ్చి, "ఊఁ, మళ్ళీ చెప్పండి" అనేవాడు.

ఈ పద్ధతి ఆయన బుర్రలో పుట్టిందనుకుంటారు అందరూ. అబ్బే! పుట్టింది వాళ్ళావిడ నోట్లో. పెళ్ళయిన కొత్తలో ఈయన ఒక ముసలి డాక్టరు దగ్గర పని నేర్చుకునేవాడు. ఆ డాక్టరు పళ్ళు పెట్టి అంకెలు లెక్కపెట్టమనేవాడు. అంకెలదేముంది, నిద్రలో కూడా చెబుతారు. చెప్పి ఇంటికెళ్ళి, భోజనం దగ్గర కూర్చుని, నాలుగు మాటలు మాట్లాడేసరికి సెట్టు ఒళ్ళో పడేది. ఈయన ఇంటికొచ్చి ఆ గోల చెబితే, బట్టలు ఆరేస్తున్న కొత్త పెళ్ళాం వెనక్కి తిరగకుండానే అంది కదా, "సన్నటి సంచిలో సున్నం సగం, చిరిగిన సంచిది సందులో సగం. ఇది చెప్పమనండి, పళ్ళ సంగతి పళ్ళే చెబుతాయి."

ఇక చూస్కోండి, ఇద్దరికీ అదొక పిచ్చి పట్టింది. బట్టలు కుట్టే ఆయన వస్తే, "చుక్కల చొక్కా చెక్కకు చిక్కె, చిక్కిన చొక్కా చక్కగా చిరిగె." ఆయన చెప్పలేక నవ్వి, నవ్వలేక పళ్ళు పట్టుకుని, "ఇంత అశుభం పలికిస్తావేంటయ్యా, చొక్కా చిరగడమేంటి" అని తిట్టి మరీ చెప్పాడు. నోరు లేనట్టుండే కోడలితో కలిసి గయ్యాళి అత్తగారొకావిడ వస్తే, "పళ్ళెంలో పళ్ళు, పుల్లటి పళ్ళు, పుల్లటి పళ్ళకు పులిసెను పళ్ళు, పులిసిన పళ్ళకు పళ్ళెందుకు?" అత్తగారు మధ్యలో తప్పితే కోడలు గబుక్కున అందించేసింది. ఆ సాయంత్రమంతా ఆయన ఇంట్లో అదే చెప్పుకుని నవ్వాడు. కొత్త మెలిక దేనికైనా ముందు పరీక్ష ఇంట్లోనే. ఆవిడ చొక్కా బొత్తాం ఒకటి అంగిలికి అంటించుకుని, కొత్త సెట్టు పెట్టుకున్నవాళ్ళ అవస్థ ఎలా ఉంటుందో చూసేది. "మింగుతావే, నీకు పుణ్యముంటుంది, తీసెయ్యి" అని ఈయన వెంటపడితే, బొత్తాం నోట్లో పెట్టుకునే "సందులో సగం" అనేది. గోడకవతల వాళ్ళు ఏం నవ్వులురా బాబూ అని గోడ కొట్టేవాళ్ళు.

ఆ నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో ఇద్దరికీ తెలీదు. ఒక రోజున ఆగినవి కావు కదా. పొద్దున్నించి మోటారు రొద, జనం గొణుగుళ్ళు, తప్పులు, ఒప్పులు విని విని ఇంటికొచ్చాక చెవులు మూసుకుని కూర్చోవాలనిపించేది ఆయనకి. ఆవిడ ఏదన్నా చెబితే "ఊఁ" అనేవాడు. పాలు విరిగాయంటే ఊఁ. పక్కింటివాళ్ళు ఖాళీ చేస్తున్నారంటే ఊఁ. ఆ ఊఁ ఇంట్లోనే ఉంటే సరిపోను. అది మెల్లగా పనిగదిలోకీ వచ్చి కూర్చుంది. మనిషికొక మెలిక పోయి, అందరికీ ఆ పళ్ళెంలో పళ్ళే మిగిలింది. వీపు తిప్పుకోవడం ఉంది, కళ్ళు మూసుకోవడం ఉంది. వినడం ఒక్కటే లేదు. చెప్పడం అయిపోగానే "బాగుంది, మిగతాది అలవాటవుతుంది" అనేవాడు. ఏం చేస్తాడు మరి, అలిసిపోయాడు. అలిసిపోయానని ఆయనకే తెలియనంతగా అలిసిపోయాడు.

వాళ్ళావిడ చంటిపిల్లల బడిలో ఆయా. పిల్లలు ఆయమ్మ అంటారు. పొద్దున్నే గేటు దగ్గర తల్లి కొంగు వదలక గుక్కపట్టి ఏడిచే పిల్లాడి ముందు ఈవిడ గొంతుక్కూర్చుని, వాడి కాళ్ళవైపు చూస్తూ, "బుడ్డోడి బూట్లు దొడ్డ బూట్లు, దొడ్డ బూట్లతో బుడ్డోడు బోర్లా" అనేది. వాడు ఏడుపు ఆపి, "మళ్ళీ అను" అనేవాడు. తర్వాత తనూ అనబోయి తప్పేవాడు. తప్పినందుకు పగలబడి నవ్వేవాడు. ఈలోగా తల్లి సందు మలుపు తిరిగేది. బడిలో ఆవిడ పనంతా అలా నోటిమీదే నడిచేది. బువ్వ తినిపించడానికొకటి, నిద్రపుచ్చడానికొకటి, జుట్టు దువ్వేటప్పుడు కదలకుండా ఉండటానికొకటి.

అలాంటి మనిషికి చిగుళ్ళ జబ్బు వచ్చింది. కదిలినవి కదిలినట్టు డాక్టరమ్మ తీసేస్తూ వచ్చి, చివరికి అన్నీ తీసేసింది. ఇంట్లో పళ్ళు చేసే మొగుడుండగా ఇదేం పెద్ద సంగతి అనుకున్నారు అందరూ. చిగుళ్ళు మానాయి, అచ్చులు తీశారు, ఈయన సెట్టు చేసి తెచ్చాడు. ఆవిడ పెట్టుకుని "సన్నటి" అనగానే టక్కుమంది. "సంచి" అంటే ఈల వచ్చింది. "కొత్త కదా, అలవాటవుతుంది" అన్నాడు ఆయన. నాలుగు రోజులు చూసి మళ్ళీ చెప్పింది. పట్టుకెళ్ళి మోటారు మీద పెట్టి రుద్దుకొచ్చాడు. ఎక్కడ ఏం రుద్దాలో అడగలేదు. పెట్టుకుంటే ఈసారి టక్కు అలాగే ఉండి, అన్నం నమలడం కష్టమైంది. ఆవిడ మాట్లాడటం తగ్గించేసింది. ఆయనకి ఆ తేడా తెలియనే లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాడు, మహానుభావుడు.

పళ్ళు తీసినప్పటినుంచీ సెలవిచ్చిన బడి పెద్ద టీచరమ్మ మంచిదే. మంచిది కాబట్టే మెత్తగా చెప్పింది. "సోమవారం నుంచి రాగలిగితే పిల్లల గదిలోకే రండి ఆయమ్మా. మాట ఇంకా కుదరలేదంటే ఏమీ అనుకోకండి, వెనక గిన్నెలు కడిగే పని చూద్దాం. పిల్లల దగ్గర ఇప్పుడు చూస్తున్న కొత్తమ్మాయినే ఉంచేస్తాను." ఆ మాట ఆవిడ ఇంట్లో చెప్పింది. ఆయన ఊఁ అన్నాడు.

ఆ శుక్రవారమే, సున్నాలు వేసే ఆయన పనిగది తలుపు దగ్గర నిలబడి దవడ పట్టుకుని, "అన్నా, ఇది పెట్టుకుని మాట్లాడుతుంటే టకటకమంటోంది. కూలీలు నవ్వుతున్నారు. పనికెళ్ళేటప్పుడు తీసి జేబులో పెట్టుకుంటున్నా" అన్నాడు. పళ్ళాయన మోటారు ఆపకుండానే, "అలవాటవుతుందయ్యా, పెట్టుకోకపోతే అలవాటెలా అవుతుంది" అని పంపేశాడు. డాక్టరమ్మ ముందుగదిలోంచి తొంగి చూసి, "బాబాయ్, ఒంట్లో బాగానే ఉందా?" అంది. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు.

శనివారం దీపాలు పెట్టే వేళకి ఆయన ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుని కిటికీ పక్కన కుర్చీలో కూలబడ్డాడు. చేతిసంచిలోంచి సెట్టు తీసి, "ఇదిగో, ఇంకోసారి రుద్దాను" అని ఆవిడకిచ్చాడు.

"ఎల్లుండి సోమవారం అండీ" అంది ఆవిడ.

"ఊఁ."

"పెట్టుకుని చెబుతాను. వింటారా?"

"చెప్పు" అని ఆయన అలవాటు ప్రకారం కుర్చీ కిటికీ వైపు తిప్పేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ చెప్పింది. సన్నటి సంచి మొదలుకుని సందులో సగం దాకా, ఒక్క మాట వదలకుండా చెప్పింది. ఆయన మోటారు బెల్టు గురించి ఆలోచిస్తున్నాడు. మారుద్దామా, ఇంకో వారం లాగుతుందా అని. వెనక చప్పుడు ఆగిందని తెలిసి, "బాగుంది" అన్నాడు. "మొదటిదానికన్నా ఎంతో నయం. మిగతాది అలవాటవుతుంది."

"నిజంగానా?"

"నిజంగానే. సోమవారం నిక్షేపంగా వెళ్ళు."

 అనేసి ఆయన కుర్చీ ఇటు తిప్పాడు. ఆవిడ అరచెయ్యి చాపి కూర్చుని ఉంది. అరచేతిలో పళ్ళసెట్టు, ఆయన ఇచ్చింది ఇచ్చినట్టు, తడి కూడా తగలకుండా ఉంది. ఆవిడ బుగ్గలు లోపలికి ఉన్నాయి.

"నోట్లో ఏమీ లేదండీ" అంది ఆవిడ. "ఖాళీ నోటికి బాగుందన్నారు."

పళ్ళు లేని నోట్లోంచి "స" ఎలా వస్తుందో ఆ వీధిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఊరందరి పళ్ళూ చేసిన మనిషికి తెలియలేదు. "అదికాదే, ఏదో పరధ్యానంలో..." అని నసిగాడు.

"ఒక్క పూట అయితే నేనూ అలాగే అనుకుందును. ఎన్నాళ్ళనుంచండీ? పళ్ళున్నప్పుడు మాత్రం ఏం విన్నారు? పళ్ళు లేకపోతే పోయాయి, నేను ఏడవలేదు. మొగుడు వినడం మానేశాడని తెలిశాక ఏడుపొస్తోంది." ఆవిడ సెట్టుని గ్లాసులో వేసి నీళ్ళు పోసింది. "గిన్నెలు తోమమంటే తోముకుంటాను, చేతులకేం రోగం లేదు. కానీ ఆ పిల్లలు నా దగ్గరికి నోటి కోసం వచ్చేవాళ్ళు."

ఆయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గేసింది. ఆవిడ వంటగదిలోకి వెళ్ళిపోయాక కూడా కుర్చీలోనే ఉండిపోయాడు. సున్నాలాయన గుర్తొచ్చాడు, జేబులో పళ్ళు పెట్టుకుని పనికెళ్ళే మనిషి. ఆయన కంటే ముందు వచ్చినవాళ్ళు గుర్తు చేసుకుందామంటే, ఎవరు ఏం చెప్పారో ఒక్కటీ గుర్తు రాలేదు. విని ఉంటే కదా. ఇన్నాళ్ళూ తను చేసిన పని సగం పనేనని, ఆ మిగతా సగం జనం నోళ్ళల్లో పుండ్లు పెడుతోందని అప్పుడు తెలిసింది ఆయనకి.

ఆదివారం ఆసుపత్రికి సెలవు. పొద్దున్నే డాక్టరమ్మ ఇంటికెళ్ళి తాళంచెవులు అడిగి తెచ్చి, వాకిట్లో నిలబడి, "చెప్పులు వేసుకో, పోదాం" అన్నాడు. ఆవిడ గ్లాసులోంచి సెట్టు తీసి గుడ్డలో చుట్టుకుని బయల్దేరింది. 

ముందుగదిలో రోగుల కుర్చీలో ఆవిడని కూర్చోబెట్టి సెట్టు పెట్టుకోమన్నాడు. స్టూలు తిప్పుకుని గోడవైపు కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మోటారు లేదు, వీధిలో బళ్ళ రొద లేదు. "చెప్పు" అన్నాడు. ఆవిడ చెప్పింది. మొదటి మాటకే టక్కు వినపడింది, ఎవరో చెంప మీద కొట్టినట్టు. "మళ్ళీ" అన్నాడు. ఈల ఎడమ పక్కనుంచి వస్తోంది. "మళ్ళీ." పళ్ళ మధ్య నీలం కాగితం పెట్టి కరిపించాడు, మరకలు ముందు వైపే పడ్డాయి. 

"కింద ముందుపళ్ళు ఎత్తున్నాయే" అన్నాడు. "నేను రెండుసార్లూ వెనకవి రుద్దుకొచ్చాను. నువ్వు చెప్పింది వినుంటే ముందే తెలిసేది. బంగారంలాంటి సెట్టుని నేనే పాడు చేశాను."

"ఇప్పుడు విన్నారుగా" అంది ఆవిడ ముభావంగా. ఇంకా కోపం పోలేదు. ఎందుకు పోతుంది?

వినడం ఎంత బరువైన పనో ఆయన మర్చిపోయాడు. పొద్దెక్కింది. కాస్త రుద్దడం, కడగడం, పెట్టడం, వినడం. వెనక పళ్ళు అరిగినచోట కొత్త ముద్ద అతికించి పైకి లేపాల్సొచ్చింది. అంగిలి పలక వెనకవైపు పల్చన చేశాడు. మధ్యలో ఆవిడ, "నా నాలుక పడిపోయేట్టుంది, మీకు దణ్ణం పెడతాను" అంది. "ఒక్కసారే" అని మరో పదిసార్లు చెప్పించాడు. ఎండ కిటికీ దిగిపోతుండగా, సంచి చిరిగి, సున్నం సందులో పడి, ఒక్క టక్కు లేకుండా, ఒక్క ఈల లేకుండా మెలిక గడగడా దొర్లిపోయింది. ఆయన బాగుందనలేదు.

"ఇంకోటి చెప్పు" అన్నాడు.

ఆవిడ చుక్కల చొక్కా చెప్పింది.

"ఇంకోటి."

"ఇవన్నీ నేను కట్టినవే కదండీ, నాకే పరీక్షా?" అంది ఆవిడ. అని, తనకి తెలియకుండానే నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. సెట్టు కదల్లేదు. ఆయన గోడవైపే ఉన్నాడు కాబట్టి చూడలేదు గానీ, ఆ నవ్వు విన్నాడు. 

సోమవారం ఆవిడ బడికెళ్ళింది. ఈయన పనిగదికెళ్ళాడు, ఒళ్ళంతా హూనమై. మోటారు వెయ్యకముందే సున్నాలాయనకి కబురు పంపాడు. ఆ మనిషి బెరుగ్గా వచ్చి, "అలవాటు చేసుకుంటున్నాలే అన్నా, నువ్వు చెప్పినట్టే" అన్నాడు.

"అలవాటైంది నాకు, నీక్కాదు. కూర్చో" అన్నాడు పళ్ళాయన. "ఇదిగో, నీ పనికి తగ్గది ఉంది. సన్నటి సంచిలో సున్నం సగం..." సున్నాలాయన నోరు తెరిచి చూసి, "చిరిగితే సందులో ఉడుస్తూ కూర్చునేది నేనే కదన్నా" అన్నాడు. డాక్టరమ్మ ముందుగదిలో నవ్వింది. ఆ ఒక్క సెట్టుకే మధ్యాహ్నమైపోయింది. ఇంకా ఎంతమంది ఉన్నారో, అంతమందినీ పిలిపించాలి. ఆ ఆలోచనకే ఆయన ప్రాణం ఉసూరుమంది. అయినా పిలిపించాలి.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి కిటికీవైపు కుర్చీ తిప్పుకుని వాలాడు. చాలాసేపటికి ఆవిడ వచ్చింది. గొంతు బొంగురుపోయింది, కాళ్ళు వాచాయి. పొద్దున పిల్లలు దగ్గరికి రాలేదట. కొత్తమ్మాయి కొంగు పట్టుకుని దూరంనుంచి చూశారట. గేటు దగ్గర ఒకడు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఈవిడ వెళ్ళి వాడి బూట్లు చూసిందట. ఇక మధ్యాహ్నం దాకా నోరు మూసుకునే వీలు దొరకలేదట. "పెద్ద టీచరమ్మ రేపూ గదిలోకే రమ్మంది" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి. చెవులు కూడా మూతపడితే బావుండుననిపించింది, అంత అలసటగా ఉంది. వెనక గది గుమ్మంలోంచి ఆవిడ గొంతు మెల్లగా వచ్చింది:

"సుద్ద సారుకి చెవిలో సుద్ద, సుద్ద చెవికి సబ్బుతో శుద్ధి, శుద్ధి చెవికా, సుద్ద సారుకా?"

చెప్పి, ఆగింది. గుమ్మంలోనే నిలబడి ఉంది, కదల్లేదు. ఆయన అలవాటుగా "ఊఁ" అనబోయి, ఆ ఊఁని మింగేశాడు.

"'శుద్ధి' రెండుసార్లూ జారిపోయింది" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "పళ్ళు పెట్టుకుని చెప్పవే."

వెనక గ్లాసులో నీళ్ళు కదిలిన చప్పుడైంది. ఆ తర్వాత ఆవిడ నవ్వడం వినిపించింది.